టిల్మన్ బేస్ వదిలిన వ్యవహారం

లోమెన్, మిన్నెసోటా
1961 జూలై 24, సోమవారం

అక్కకు,

నువ్వూ నీ కొత్త మొగుడూ క్షేమమని తలుస్తాను. ఇక్కడ నేను బాగానే ఉన్నాను, క్రీమరీలో వెన్న కూడా బాగానే పడుతోంది. అరవై మూడేళ్ల వయసులో ఓడలో వంట చేసేవాణ్ణి పెళ్లాడి డులూత్ వెళ్లిపోయిన మనిషికి మా ఆటల సంగతి పడుతుందో లేదో తెలియదు. అయినా ఊళ్లోవాళ్లు నీకు వంకర టింకరగా రాసేలోపు నేనే రాయడం మంచిదని కూర్చున్నాను.

నిన్న రోస్‌బీకీ స్కార్విక్‌కీ ఆట. గెలిచినవాళ్లదే బేస్‌బాల్ లీగు కప్పు, అంపైర్ని నేనే. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రోస్‌బీ నాలుగుకు మూడుతో వెనకబడి ఉంది, అప్పటికే ఇద్దరు ఔట్, మూడోవాడు కూడా ఔటైతే ఆట అయిపోయినట్టే. రోస్‌బీ తరఫున మన టిల్మన్ ఉల్రుడ్ బంతిని కుడివైపు గడ్డిలోకి కొట్టి, మొదటి బేస్ తొక్కి, నలభై ఒక్క ఏళ్ల ఆ శరీరాన్ని ఈడ్చుకుంటూ రెండో బేస్‌కి జారాడు. స్కార్విక్ వాడు బంతితో తాకాడు, కానీ టిల్మన్ కాలు ముందే చేరింది. సేఫ్ అన్నాను.

తర్వాత ఏం జరిగిందనుకున్నావు? టిల్మన్ లేచి, దుమ్ము దులుపుకుని, తలవంచుకుని నడుచుకుంటూ తన బెంచీకి వెళ్లిపోయాడు. వెళ్లి బక్కెట్టులోంచి గరిటెడు నీళ్లు ముంచుకుని తాగాడు. స్కార్విక్ మేనేజర్ వచ్చి ఇదేమిటని అడిగాడు. అడగడానికి ఏముంది, బేస్ వదిలేసి పోయినవాడు ఔట్. ఆట ముగిసింది, కప్పు స్కార్విక్‌కి పోయింది. రోస్‌బీ వాళ్లు నా ట్రక్కు మీద సగం తిన్న రూబార్బ్ పై రొట్టె ఒకటి విసిరారు.

ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఇంత స్పష్టమైన తీర్పు నేనివ్వలేదు. ఊరికే అడుగుతున్నాను, నువ్వు కూడా అదే ఇచ్చేదానివి కదూ?

నీ స్థానంలో స్కోరు రాయడానికి మందుల షాపాయన కూతుర్ని పెట్టారు. గమ్ నములుతూ రాస్తుంది. ఆ సరస్సు గాలికి నీ దగ్గు ఇంకా ముదిరి ఉంటుంది, అందుకే తేనె బిళ్లలు రెండు డబ్బాలు పంపుతున్నాను.

నీ తమ్ముడు
సెల్మర్

*

డులూత్
జూలై 28

ఒరే సెల్మర్,

బిళ్లలు అందాయి. మా ఆయన ఐనో ఒక డబ్బా అప్పుడే ఖాళీ చేశాడు. ఆయన రోజుకి పన్నెండు మాటలు మాట్లాడతాడు, అందులో ఆరు చేపల గురించి. నాకు హాయిగా ఉంది, నువ్వు కుళ్లుకోకు.

రూల్ నాకు కంఠతా వచ్చు, నీకూ వచ్చు. మొదటి బేస్ దాటినవాడు తర్వాతి బేస్ మీద ఆశ వదులుకుని, దారి విడిచి పోతున్నాడని అంపైర్‌కి తోస్తే వాడు ఔట్. ఎన్ని అడుగులు పోవాలో పుస్తకంలో లేదు. తెల్లగీత దాటితేగాని ముసలి క్నూట్ ఔట్ ఇచ్చేవాడు కాదు. ఆ స్వీడన్ ఆయన ఎంగ్‌స్ట్రమ్ బెంచీ మీద కూర్చునేదాకా ఆగేవాడు. హెగ్డాల్‌లో ఒక పెద్దమనిషి రెండడుగులకే ఔట్ ఇచ్చాడు, అదేమంటే అతని భుజాలు దిగిపోయాయన్నాడు. నలభై తొమ్మిదిలో ఒకడు మొదటి బేస్ మీద ఉండగా వెనకవాడు కంచె అవతలికి కొడితే, ఆట గెలిచామనుకుని రెండో బేస్ దగ్గర్నుంచి అడ్డంగా పోయి పెళ్లి చేసుకోబోయే పిల్లని కౌగిలించుకున్నాడు, గుర్తుందా? వాణ్ణి ఔట్ ఇచ్చావు. కొట్టినవాడి పరుగు మాత్రం ఉంచావు, అప్పటికి ఒక్కరే ఔట్ కాబట్టి. సరిగ్గానే చేశావు.

కాబట్టి నీళ్ల బక్కెట్టుదాకా పోయినవాడు ఏ లెక్కన చూసినా ఔటే.

నాకు అర్థం కానిది వేరే ఉంది. టిల్మన్ పదిహేడో ఏట నుంచి ఆడుతున్నాడు. సేఫ్ అన్న మాట విని బెంచీకి నడిచే రకం కాదు. అది పక్కన పెట్టు. స్కార్విక్ వాడి చేతిలో బంతి ఉంది. ఎదురుగా మనిషి బేస్ వదిలి తాపీగా నడిచిపోతున్నాడు. పరుగెత్తి వీపు మీద తాకిస్తే సరిపోయేది. ఎందుకు తాకించలేదు? వాడూ టిల్మన్ ఔటే అనుకున్నాడన్న మాట. ఇద్దరికీ ఒకేసారి ఒకే పొరపాటు ఎలా వచ్చింది?

ఊరికే అడుగుతున్నాను.

అక్క
తోరా

*

లోమెన్
ఆగస్టు 3

అక్కకు,

సలహా అడిగితే విచారణ మొదలెట్టావు. స్కార్విక్ వాడు ఎందుకు తాకించలేదో వాణ్ణే అడుగు. ఆటగాళ్లకి బుర్ర ఉంటుందని రూల్ పుస్తకంలో ఎక్కడా రాయలేదు.

ఇప్పుడు సంగతి ముదిరింది. రోస్‌బీ మేనేజర్ హాకన్ స్టెండె లీగు కమిటీకి ఫిర్యాదు పెట్టాడు. పాలడబ్బా మీద పేరు రాయమంటే మూడు అక్షరాలు ఎగరేసే హాకన్, ఒక పేజీ నిండా టైపు కొట్టించి పంపాడు. ఎవడో లాయర్ని పెట్టుకున్నాడు. అంపైర్‌కి తోచిన దాని మీద ఫిర్యాదు చెల్లదని అందులో వాళ్లే ఒప్పుకున్నారు. బేస్ వదిలాడా లేదా అన్నది అంపైర్ ఇష్టమనీ, దాన్ని తప్పు పట్టడం లేదనీ మర్యాదగా రాశారు. చివర్లో ఒకే ఒక్క ప్రశ్న పెట్టారు. ‘సేఫ్ అని పలికిన తర్వాత, ఆటగాడు నడక మొదలుపెట్టక ముందు, అంపైర్‌గారి కుడిచెయ్యి ఎక్కడ ఉన్నదో తెలుపగలరు.’

ఎంత కొవ్వు చూడు. నా చెయ్యి నా ఒంటికే ఉంది. ఇంకెక్కడుంటుంది?

ఆదివారం ఇరవయ్యో తేదీన చర్చి నేలమాళిగలో విచారణ. కమిటీలో ముగ్గురు, మందుల షాపాయనే అధ్యక్షుడు. నా తీర్పు కొట్టేస్తే నన్ను పీకేస్తారు, అది వేరే చెప్పక్కర్లేదు. పీకేస్తే ఆదివారాలు ఏం చెయ్యమంటావు? నువ్వు లేవు. ఇంట్లో కూర్చుని రేడియో వినాలా?

టిల్మన్ సంగతి కూడా చెప్పాలి. రోజూ పొద్దున్న ఆరింటికి క్రీమరీకి మీగడ డబ్బాలు తెస్తాడు కదా. ఈ మధ్య ఎవరో ఎగతాళికి అతని ట్రక్కు తలుపుకి నీళ్ల గరిటె కడుతున్నారు. అతను విప్పి సీటు కింద పడేస్తాడు, మర్నాడు ఇంకోటి ఉంటుంది. నిన్న నా దగ్గరికొచ్చి టోపీ తీసి నిలబడ్డాడు.

‘‘సెల్మర్, నా మూలంగా నీకు తలనొప్పి వచ్చింది. ఆ ఫిర్యాదు నేను పెట్టించలేదు, హాకన్ వింటం లేదు. నేను చూసుకోకుండా పోయాను. తప్పు నాదే’’ అన్నాడు.

‘‘పోనీలే టిల్మన్’’ అన్నాను.

‘‘ఇదే నా ఆఖరు సంవత్సరం. మోకాలు ఒప్పుకోటం లేదు. ఓడిపోవటం మాకు కొత్త కాదు. కానీ స్కోరు పుస్తకంలో నా పేరు పక్కన ‘బేస్ వదిలి వెళ్లాడు’ అని ఉంటుంది కదా, అదొక్కటే నిద్ర పట్టనివ్వటం లేదు. మా ఆవిడ ముందు కూడా తలెత్తలేకపోతున్నాను’’ అన్నాడు.

ఆ డబ్బాలో మీగడ ఎంత తూగిందో కూడా నేను చూడలేదు.

నువ్వు నాకు జవాబు రాసిపెట్టాలి. ఆ లాయరు నోరు మూతపడేలా, గట్టిగా ఉండాలి. రూల్స్ విషయంలో నీకు సాటి ఈ జిల్లాలో లేరని అందరికీ తెలుసు.

సెల్మర్

*

డులూత్
ఆగస్టు 7

సెల్మర్,

జవాబు జత చేశాను. నాలుగు పేరాలు. నీ అనుభవం, రూల్ సారాంశం, తీర్పు అంపైర్ సొంత ఆలోచన అన్న వాదన, అన్నీ గట్టిగానే పెట్టాను. క్నూట్ పేరు కూడా వాడాను, చచ్చిపోయాడు కాబట్టి కాదనడు.

నాలుగో పేరాలో ఒక ఖాళీ వదిలాను. ‘ఆ సమయంలో నా కుడిచెయ్యి ______.’ నేను అక్కడ లేను కనక అది నువ్వే నింపుకోవాలి.

ఆ ఫిర్యాదు రాసినవారెవరో గాని గొప్ప తెలివైనవారనిపిస్తోంది. చూడటానికి కూడా బాగుంటారేమో.

తోరా

*

లోమెన్
ఆగస్టు 10

అక్కా,

ఆ ఖాళీ ముందు రెండు రోజులు కూర్చున్నాను. వెన్న ఒక బానెడు ఎక్కువ చిలికి పాడైపోయింది.

నీకొక్కదానికే చెబుతున్నాను, చదివి స్టవ్‌లో పడెయ్. సేఫ్ అన్న మాట నిజం. అయితే జనం గోలలో నాకే వినపడలేదు. సరిగ్గా అప్పుడే ఒక జోరీగ చెవి వెనక కుట్టింది. మామూలు జోరీగ కాదు, స్టెండె వాళ్ల పశువుల దొడ్లోంచి వచ్చిన రకం. దాన్ని కొట్టడానికి పిడికిలి పైకి లేపాను. పిడికిలి లేపితే ఔటని గుర్తు కదా, టిల్మన్ తల ఎత్తేసరికి వాడికి కనపడింది ఆ పిడికిలే. స్కార్విక్ వాడికీ అదే కనపడింది.

వాడు నడక మొదలెట్టగానే నాకు అర్థమైంది. పిలవొచ్చు, ఆపొచ్చు. కానీ ఎనిమిది వందల మంది ముందు, నేను ఇచ్చింది తీర్పు కాదు, ఈగని కొట్టుకున్నానని ఎలా అనమంటావు? ఆలోచించుకునేలోపు వాడు బక్కెట్టు దగ్గరికి చేరాడు. మేనేజర్ వచ్చి అడిగాడు. రూల్ నోటికొచ్చింది, చెప్పేశాను. రూల్ తప్పు కాదు కదా.

గుర్తులేదని రాస్తే సరిపోతుంది. అబద్ధమని ఎవరూ నిరూపించలేరు. ఈ వయసులో ఎన్నో మర్చిపోతాం. రాయనా?

సెల్మర్

*

డులూత్
ఆగస్టు 14

ఒరే తమ్ముడూ,

ఉత్తరం స్టవ్‌లో పడెయ్యలేదు. ఐనోకి చదివి వినిపించాను. ఆయన రెండు నిమిషాలు నవ్వాడు. పెళ్లయ్యాక ఆయన నవ్వడం నేను చూడటం ఇదే మొదలు.

ఇక నా సంగతి విను. కుర్చీలో కూర్చుని చదువు.

నాకు దగ్గు లేదు, ఎప్పుడూ లేదు. ఇరవై ఆరేళ్లపాటు నీ వెనక తీగల తెర పక్కన స్కోరు రాశాను కదా. నువ్వు ఈగలు కొట్టుకుంటావు, ముక్కు గోక్కుంటావు, టోపీ సర్దుకుంటావు, అన్నిటికీ కుడిచెయ్యే లేపుతావు. దాన్ని చూసి ఎవడైనా బేస్ వదిలి నడవబోతే నేను దగ్గేదాన్ని. దగ్గు వినగానే నువ్వు వెనక్కి తిరిగి నా వైపు చూసేవాడివి. చెయ్యి కిందికి దిగేది, రెండో చెయ్యి కూడా చాపి మళ్లీ ‘సేఫ్’ అని అరిచేవాడివి. ఎందుకు అరుస్తున్నావో నీకే తెలిసేది కాదు. అక్కకి జబ్బు చేసిందని బిళ్లలు మాత్రం కొని తెచ్చేవాడివి. అవి తినలేక చచ్చాను.

ఒక్కసారి చెబితే పోయేది. కానీ నువ్వు బాధపడతావని ఊరుకున్నాను. పెళ్లి చేసుకుని వచ్చేసేటప్పుడైనా చెప్పాల్సింది, చెప్పలేదు. అందులో నా తప్పు ఉంది, ఒప్పుకుంటున్నాను.

ఇంకొకటి. ఆ లాయరు నేనే. ఆట జరిగిన మర్నాడు నువ్వు నాకు ఉత్తరం రాస్తే, మర్నాడే హాకన్ కూడా రాశాడు. ఏమీ అర్థం కావటం లేదు, సాయం చెయ్యమన్నాడు. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి చదివితే నీ పిడికిలి నాకు కనపడింది. ఐనో వాళ్ల నావికుల సంఘంలో టైపు మిషన్ ఉంది. ఫిర్యాదూ నేనే రాశాను, దానికి జవాబూ నేనే రాశాను. రెండూ బాగానే వచ్చాయని నా అభిప్రాయం.

తిట్టుకో, నాకేం పర్వాలేదు. కానీ గుర్తులేదని మాత్రం రాయకు. ఔటా సేఫా అన్నది నీ ఇష్టమే, దాన్ని ఎవరూ కాదనరు. నీ చెయ్యి చూసి ఒక మనిషి మోసపోతే, దాన్ని సరిదిద్దే అధికారం కూడా అంపైర్‌కే ఇచ్చారు. ఆ రెండో సగం నువ్వు ఎప్పుడూ చదవలేదు, ఎందుకంటే నేను దగ్గుతూ వచ్చాను. టిల్మన్ నీ ఎదుట టోపీ తీసి నిలబడితే నువ్వు పోనీలే అన్నావు. ఆ మాట చదివినప్పుడు నీ మీద నాకు కోపం వచ్చింది సెల్మర్, నిజంగా వచ్చింది.

తోరా

*

లోమెన్
ఆగస్టు 21

తోరాకు,

ఈ సంవత్సరం నీకు వెన్న పంపను. క్రిస్మస్‌కి కూడా పంపను. నీ మొగుడు చేప నూనె రాసుకుని రొట్టె తినమను.

నిన్న విచారణకి వెళ్లాను. నీ నాలుగు పేరాలూ మడిచి జేబులో పెట్టుకున్నాను, తీయలేదు. అధ్యక్షుడు ఫిర్యాదు చదివాడు. కుడిచెయ్యి దగ్గరికి రాగానే లేచి నిలబడ్డాను. గదిలో అరవై మంది ఉన్నారు, కాఫీ డబ్బా పక్కన టిల్మన్, అతని భార్య ఉన్నారు.

‘‘నా కుడిచెయ్యి చెవి దగ్గర ఉంది. జోరీగని కొట్టాను. తగల్లేదు. టిల్మన్ అది చూసి ఔటనుకున్నాడు. నాకు అప్పుడే తెలుసు. సిగ్గేసి చెప్పలేదు. వాడు బేస్ వదిలి పోలేదు, నేనే పంపించాను’’ అన్నాను.

వెనకనుంచి ఎవరో కిసుక్కుమన్నారు, అక్కణ్నుంచి గదంతా పడీ పడీ నవ్వారు. పాస్టరుగారు జేబురుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను ఇన్నేళ్లూ దేనికి భయపడ్డానో సరిగ్గా అదే జరిగింది. మరీ అంత నొప్పేం పుట్టలేదు.

టిల్మన్ ఒక్కడే నవ్వలేదు. నా దగ్గరికొచ్చి, ‘‘ఒక నెల, సెల్మర్. నెలరోజులు గరిటెలు విప్పుకున్నాను’’ అని మాత్రం అని వెళ్లిపోయాడు.

కమిటీ నిర్ణయం ఇది. ఆట ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచే మళ్లీ మొదలవుతుంది. తొమ్మిదో ఇన్నింగ్స్, ఇద్దరు ఔట్, నాలుగుకు మూడు, రెండో బేస్ మీద టిల్మన్. సెప్టెంబరు మూడున. నేను రాజీనామా ఇచ్చాను. హాకన్ లేచి, ‘‘తన తప్పు తనే చెప్పిన అంపైర్ని మళ్లీ ఎక్కణ్నుంచి తెస్తాం? ఇతనే ఉండాలి’’ అన్నాడు. స్కార్విక్ వాళ్లు గొణుక్కుని ఒప్పుకున్నారు. షరతు ఒకటే, ఈగలు వాలకుండా నేను మెడకి కర్పూరం నూనె పూసుకోవాలి.

నీ మీద కోపం తగ్గలేదు.

సెల్మర్

*

డులూత్
ఆగస్టు 25

సెల్మర్,

కోపం ఉండనీ. నువ్వు నిలబడి చెప్పావని చదివి నేను ఏడ్చాను. ఐనో తువ్వాలు అందించి మళ్లీ చేపల దగ్గరికి పోయాడు.

ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. మూడో తేదీన నీకు టిల్మన్ మీద జాలి పొంగుకొస్తుంది, నిన్ను నేను ఎరుగుదును. ఔటైనా సేఫ్ ఇద్దామనిపిస్తుంది. అలా చేశావంటే నువ్వు వాణ్ణి రెండోసారి మోసం చేసినట్టే. నేను రాను. వస్తే నీ వెనక కూర్చుంటాను, కూర్చుంటే నోరు ఊరుకోదు.

తోరా

*

లోమెన్
సెప్టెంబరు 4, సోమవారం

అక్కకు,

ఆట పదకొండు నిమిషాలు జరిగింది. దానికోసం పన్నెండు వందల మంది వచ్చారు, ట్రక్కులు మొక్కజొన్న చేల దాకా నిలబెట్టారు.

టిల్మన్ రెండో బేస్ మీదికి వెళ్లి నిలబడ్డాడు. నా వైపు చూడలేదు. నాలుగో బంతికి రోస్‌బీ కుర్రవాడు ఎడమవైపు కొట్టాడు. టిల్మన్ కదిలాడు. మూడో బేస్ దగ్గర ఆగుతాడనుకున్నాను, హాకన్ రెండు చేతులూ ఎత్తి ఆగమని అరిచాడు. ఆగలేదు. మూడో బేస్ మలుపు తిరిగేటప్పుడు మోకాలు పక్కకి పోవడం నేను చూశాను. కుంటుతూనే, పరుగు పూర్తయ్యే హోమ్ బేస్ వైపు వచ్చాడు. బంతీ వచ్చింది. నేను బంతి విసిరే పిచ్చర్ వెనక నుంచి పరుగెత్తి హోమ్ ప్లేటు పక్కకి చేరాను. టిల్మన్ పొట్ట మీద పడి చెయ్యి చాపాడు. క్యాచర్ అతని భుజం మీద బంతి ఆనించాడు. అప్పటికి అతని వేళ్లకీ ప్లేటుకీ మధ్య జానెడు మట్టి ఉంది.

నువ్వు చెప్పినట్టే నాకు జాలి పొంగుకొచ్చింది. దుమ్ము బాగా లేచింది, నేను ఏది చెప్పినా చెల్లేది. రెండు చేతులూ తొడలకి ఆనించి ఉంచాను. దుమ్ము తగ్గేదాకా ఆగాను. తర్వాత పిడికిలి పైకెత్తి ఔట్ అన్నాను, స్కార్విక్ చేల దాకా వినపడేంత గట్టిగా.

మళ్లీ నాలుగుకు మూడే. మళ్లీ రోస్‌బీయే ఓడింది. కప్పు ఉన్నచోటే ఉంది.

టిల్మన్ లేవలేదు. హాకన్, నేను చెరో రెక్క పట్టుకుని లేపాం. అందరూ మైదానంలోకి వస్తున్నారు, అతను మాత్రం ప్లేటు పక్కనుంచి కదలడు.

‘‘పద టిల్మన్, అయిపోయింది’’ అన్నాను.

‘‘నిజంగా ఔటేనా?’’ అన్నాడు.

‘‘జానెడు.’’

‘‘సరిగ్గా చూశావా?’’

‘‘ఈసారి చూశాను.’’

అప్పుడు కుంటుకుంటూ బెంచీకి వెళ్లలేదు, స్కోరు బల్ల దగ్గరికి వెళ్లాడు. మందుల షాపాయన కూతురు పాత మాట కొట్టేసి దాని పక్కన రాస్తోంది. ‘ఉల్రుడ్, హోమ్ దగ్గర ఔట్.’ అతను పుస్తకం తనవైపు తిప్పుకుని చదివాడు. భార్యని కేకేసి పిలిచి, వేలు పెట్టి ఆ వరస చూపించాడు. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివి, అతని మొహం మీది మట్టి చేతిరుమాలుతో తుడిచింది. రోస్‌బీ వాళ్లు ఓడిపోయిన ఆ మనిషిని భుజాల మీద ఎత్తుకుని ట్రక్కుదాకా మోశారు.

ఇవాళ కార్మిక దినం సెలవైనా ఆవులు ఆగవు కదా, పొద్దున్న ఆరింటికి డబ్బాలు తెచ్చాడు. మోకాలు గుమ్మడికాయంత వాచింది. డబ్బాలు నేను దించుతుంటే గట్టు మీద కూర్చుని, ‘‘మూడో బేస్ దగ్గర ఆగుంటే ఆట మిగిలేది, కదూ?’’ అన్నాడు.

‘‘మిగిలేది’’ అన్నాను.

‘‘తెలుసు. హాకన్ చేతులు కనపడ్డాయి. అయినా ఆగాలనిపించలేదు’’ అని, అక్కడే కూర్చుని చాలాసేపు తనలో తనే నవ్వుకున్నాడు.

సెల్మర్